వీధి దాకా సాగనంపే నఖూలా

ఏంట్రా బస్సామ్, ఆ నవ్వు? టీవీని తిడితే టీవీకి వినపడదని నాకూ తెలుసులే. మరి ఆ పొడుగోణ్ణి చూడు, ఎలా నిలబడ్డాడో! అవతలివాడు బంతి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తుంటే వీడు బాస్కెట్ కింద నిట్రాయిలా... లేవరా, బయటికి రా, చవటా! ఆ, పడింది. పడదూ మరి? ఏంటీ, మీ కోచ్ కూడా లోపలే ఉండమంటాడా? అననీ, నాకేం. మా నఖూలా ఉంటే ఈ ఆట చూసి టీవీ మీద చెప్పు విసిరేవాడు. ఏ నఖూలా ఏంట్రా! క్లబ్బు మెట్లెక్కగానే గోడకి పాత ఫొటో ఉంటుందే, అందులో అందరికీ తలకాయలుంటాయి, ఒకడికి మాత్రం గడ్డం దాకానే వచ్చింది. ఆ గడ్డం మా నఖూలాది. ఫొటో తీసినవాడు మా బావమరిదే, వాడి చేతికి ఏదిచ్చినా అంతే, నా పెళ్ళి ఫొటోల్లో సగం పాదిరీగారి చెప్పులే. సరే, అది వదిలెయ్. ఆ పుచ్చగింజలు ఇటు జరుపు.

నువ్వు ఆడేవాడివే, నీకు చెప్పక్కర్లేదు, అయినా విను. నేను పొట్టోణ్ణి కదా, బంతి తెచ్చేవాణ్ణి కాయడం నా పని. వాడి మొహం మీదే కళ్ళు పెట్టి నేను వెనక్కి నడుస్తుంటే, ఈలోగా వాళ్ళ పొడుగోడు చడీచప్పుడూ లేకుండా వచ్చి నా పక్కన గోడలా నిలబడేవాడు. నేను పోయి ఆ గోడకి ధన్‌మని కొట్టుకునేవాణ్ణి. బంతోడు గోడ పక్కనించి జారుకునేవాడు. వాడు జారుకోగానే గోడకి కాళ్ళొచ్చేవి, గిర్రున తిరిగి బాస్కెట్ కేసి ఒకటే పరుగు. అందుకని ఆ గోడని కాసే మనవాడుంటాడు చూశావూ, అంటే నఖూలా, వాడు ఒక అడుగు బయటికొచ్చి బంతోడికి అడ్డం పడాలి. నేను తేరుకుని వచ్చేదాకా, ఓ గుక్క తిప్పుకునేంత సేపు వాణ్ణి ఆపాలి. ఆపి, మళ్ళీ వెనక్కి పరిగెత్తి తన మనిషిని తను పట్టుకోవాలి. అంతే కదా పని. నఖూలా ఆపడం బ్రహ్మాండంగా ఆపేవాడురా. వెనక్కి పోవడమే వాడి చేత కాలేదు.

ఎందుకంటే... ఇది నవ్వులాటకి చెప్పడం లేదు, నిజంగా నిజం. వాళ్ళింటి పద్ధతి అలాంటిది. మన జహ్లే ఊళ్ళో అందరిళ్ళలోనూ ఉందనుకో, వచ్చినవాణ్ణి గుమ్మంలో ఎదుర్కోవడం, పోయేవాణ్ణి గుమ్మం దాకా సాగనంపడం. వాళ్ళింట్లో అది ముదిరిపోయింది. వాళ్ళమ్మ వర్దే పిన్ని ఉండేదే, ఆవిడ పాలవాణ్ణి కూడా వీధి మలుపు దాకా దిగబెట్టేది. గుమ్మంలో ఒక అరగంట, మెట్ల మీద ఒక అరగంట, వీధిలో నిలబడి "అయ్యో, అసలు సంగతి అడగడం మర్చిపోయా" అని ఇంకో అరగంట. ఆ పెంపకంలో పెరిగినవాడు బంతితో వచ్చినవాణ్ణి ఊరికే ఆపి వెనక్కి ఎలా పోతాడు? వాడితోపాటే పక్కకి, పక్కకి, గీత దాకా, రెండు చేతులూ చాపి, పెళ్ళివారికి ఎదుర్కోలు పట్టినట్టు! ఇక్కడ వెనకాల వాడి మనిషి ఒంటరిగా బాస్కెట్ కింద నిలబడి బంతి కోసం చేతులూపుతుంటాడు. వాడికి బంతి అందడం, వాడు వెయ్యడం, మేం తిట్లు తినడం.

అప్పుడు మాకు బెల్‌గ్రేడ్ నించి వచ్చిన కోచ్ ఉండేవాడు, మిలుతిన్ అని. మన దేశంలో యుద్ధం ఆగి నాలుగేళ్ళో ఐదేళ్ళో అయింది, అప్పుడప్పుడే క్లబ్బులు జీతాలిచ్చి బయటివాళ్ళని తెచ్చుకుంటున్నాయి. బుర్ర మీసాలు, చేతిలో ఎప్పుడూ సిగరెట్టు, మన భాష ముక్కలు ముక్కలుగా వచ్చేది. "నఖూలా! బయటికి. ఆపు. ఇంటికి! ఎందుకు నువ్వు రోడ్డు మీద?" అని అరిచేవాడు. నఖూలా తల దించుకుని "సరే కోచ్, ఈసారి వెళ్ళిపోతా" అనేవాడు. మళ్ళీ అదే. ప్రాక్టీసులో చాక్‌తో గీత గీసి, దాటితే పరిగెత్తిస్తానన్నాడు. పాపం నఖూలా ఆ సీజనంతా పరిగెత్తుతూనే ఉన్నాడు. మా జట్టు అడుక్కి దిగిపోయింది. ఇక ఒక్క మ్యాచ్ ఓడితే పై లీగ్ లోంచి కిందికి పోతాం. కోచ్ వెళ్ళి ప్రెసిడెంటుతో చెప్పేశాడు, ఈ పొడుగోణ్ణి పంపించెయ్యి, మా ఊరి నించి ఒకణ్ణి తెప్పిస్తానని. ఆ మాట నాకు తెలిసింది. నఖూలాకి తెలీదు. వాడికి ఆ ఆట తప్ప వేరే లోకం లేదురా. ద్రాక్షతోట తమ్ముడు చూసుకునేవాడు, వీడు పొద్దున లేస్తే క్లబ్బు, సాయంత్రమైతే క్లబ్బు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మిలుతిన్ మంచివాడే, ఒప్పుకోవాలి. ఇలాంటి మాట క్లబ్బులో నలుగురి ముందు చెప్పకూడదు, ఇంటికెళ్ళి చెప్పాలనుకున్నాడు. ఆదివారం భోజనానికి వర్దే పిన్ని ఎలాగూ పిలుస్తూనే ఉంది. నేనూ ఉన్నా. కిబ్బె, తబ్బూలె, ద్రాక్షాకుల చుట్టలు, అరక్ గ్లాసులు... ప్లేటు ఖాళీ అయితే పిన్ని ఊరుకోదు, "తిను నాయనా, అమ్మ దగ్గర లేదు పాపం" అంటూ వడ్డిస్తూనే ఉంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని మిలుతిన్ ఏం చెబుతాడు? పోయేటప్పుడు గుమ్మంలో చెబుదాంలే అనుకున్నట్టున్నాడు. తెలియనివాడు! గుమ్మంలో పిన్ని ఊరగాయ సీసా పట్టుకుని నిలబడింది. మెట్ల మీద తమ్ముడు ద్రాక్ష బుట్టతో. నఖూలా కారు దాకా వచ్చి కిటికీలో తల దూర్చి "కోచ్, మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని మొదలెట్టాడు. ఇంజను స్టార్టు చేశాడా, వీడు తలుపు మీద చెయ్యేసి కారుతోపాటు నడుస్తున్నాడు! మేమందరం రోడ్డు మీదే. అప్పుడు పిన్నికి పొయ్యి మీద కాఫీ గుర్తొచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచింది: "అందరూ ఇక్కడే ఉంటే ఇల్లెవరు చూస్తార్రా షుక్రీ? పో లోపలికి!" నేను పరిగెత్తా. వెనక్కి తిరిగి చూస్తే మిలుతిన్ కారాపేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది పిన్ని, ఇంకో సీసా తేవడానికి లోపలికి పోయింది.

మర్నాడు ప్రాక్టీసులో కోచ్ ఇల్యాస్‌ని పిలిచాడు. ఇల్యాస్ తెలుసుగా, ఇప్పుడు మందుల కొట్టు. వాడు అవతలి మూల తన మనిషిని కాసేవాడు. "నఖూలా బయటికి పోతాడు. పోనీ. రోడ్డు దాకా పోనీ. వాడు పోగానే నువ్వు ఇంట్లోకి. పొయ్యి చూడు" అన్నాడు. అంతేరా! పిన్ని పెంపకం తెచ్చిన గోలకి పిన్ని మాటే మందైంది చూడు. ఇల్యాస్ వదిలేసిన మనిషిని ఎవరు చూస్తారు కోచ్, అని నేనడిగా. "వాడు మూలలో ఉన్నాడు, దూరం. వాడికి బంతి పోయేలోపు నఖూలాకి వీడ్కోలు అయిపోతుందేమో" అన్నాడు. అయిపోతుందట! వాడి ఆశ. సరే, ప్రెసిడెంటుకి మాత్రం చెప్పాడు, ఈ ఒక్క మ్యాచ్ చూద్దాం, ఓడితే నీ ఇష్టం అని.

ఆ మ్యాచ్‌లో అవతలి జట్టులో కర్టిస్ అని అమెరికా నించి వచ్చినవాడు. పాములా జారేవాడు. నేను ఆ రోజు గోడలకి కొట్టుకున్న దెబ్బలు ఇప్పటికీ వానొస్తే సలుపుతాయి. వర్దే పిన్ని ముందు వరసలో కూచుని గింజలు నమిలి నమిలి పొట్టంతా మా బెంచీ మీదకి ఊదింది. చివరికొచ్చేసరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం, బంతి వాళ్ళ దగ్గర. గోడ వచ్చింది. నేను కొట్టుకుని కింద పడ్డా. పడి చూస్తున్నా. నఖూలా చేతులు చాపుకుని కర్టిస్‌కి ఎదురెళ్ళాడు. కర్టిస్ పక్కకి, వీడూ పక్కకి. కర్టిస్ వెనక్కి, వీడూ వాడి వెంటే. సగం కోర్టు దాకా దిగబెట్టాడురా వాణ్ణి! ఆ అమెరికావాడి మొహం చూడాలి, ఈ మనిషి నన్నెప్పుడు వదుల్తాడ్రా బాబూ అన్నట్టు. ఆఖరికి వాడు నఖూలా తల మీంచి బంతి విసిరాడు. బాస్కెట్ కింద వాళ్ళ పొడుగోడు చెయ్యెత్తాడు. ఇల్యాస్ ఇంట్లోనే ఉన్నాడు. గాల్లోనే అందుకున్నాడు. బజర్ మోగింది, ఆట అయిపోయింది. జనం కోర్టులోకి దూకారు. నఖూలా ఏడీ? సగం కోర్టు దగ్గర కర్టిస్ చెయ్యి పట్టుకుని ఆదివారం భోజనానికి పిలుస్తున్నాడు. వచ్చాడు కూడా. ఊరగాయ పట్టుకెళ్ళాడు.

తర్వాత ఎనిమిదేళ్ళు ఆడాడు నఖూలా. ఎవడూ పంపించెయ్యలేదు. వాడి వెనకాల ఇల్లు చూడ్డానికి ఎవడో ఒకణ్ణి పెట్టుకోవడం మా జట్టుకి అలవాటైపోయింది.

అలాంటివాడు ఆ మాయరోగంతో... సరే. నేను చూడ్డానికి వెళ్ళా. మంచంలో సగమైపోయాడు, అంత పొడుగు మనిషి. గుమ్మంలో ఎవరూ ఎదురు రాకుండా ఆ ఇంట్లోకి నేను పోవడం అదే మొదలు. కాసేపు కూచున్నా. వస్తానురా అని లేచా. తలుపు దగ్గరికి పోయేసరికి "ఒరే షుక్రీ, మీ పెద్దదాని పరీక్షలేమయ్యాయి?" అన్నాడు. వెనక్కొచ్చి చెప్పా. మళ్ళీ లేచా. "అవునూ, ఇల్యాస్ కొట్టు ఎలా నడుస్తోంది?" మళ్ళీ వచ్చా. అలా ఎన్నిసార్లు తిరిగానో. వాడు లేవలేడు కదా, మాటతోనే దిగబెడుతున్నాడు. చివరికి గొంతూ అయిపోయింది. చెయ్యెత్తి, "ఇక నువ్వు పోరా. ఏమనుకోకు, ఇవాళ నేను రాలేను" అన్నాడు.

అంత మాట అన్నాడురా నాతో.

... ఏదీ, ఎంతయింది స్కోరు? ఆ సౌండు కాస్త పెంచు.