పెదమామ కొట్టి చూడని పళ్లెం

"అవ్వా, నెర్రిచ్చిన పళ్లెం గూట్లో పెట్టి దాచుకున్నావేంది? పారేద్దునా?"

ఓసి నీ దుంపతెగ, ముందు దాన్ని కింద పెట్టు! రెండు చేతుల్తో. ఆ, అట్ల. పారేస్తాదంట, పారేస్తాది! అది మా అత్త రాసిన పళ్లెమే. మీ తాతను కన్నతల్లి. కూచో ఇట్ల, చెప్తా.

మనం కుమ్మరోళ్లం గదా. పెళ్లికి మేళంతో వచ్చి మన ఇంటి నుంచి కుండలు తీసుకపోతారు చూడు, అయిరేని కుండలు, వాటి మీద సున్నంతో, ఎర్రటి జాజుతో తీగలు రాయాలంటే బేస్తవారిపేట చుట్టుపక్కల మా అత్త తర్వాతే ఎవరైనా. నేను కాపరానికొచ్చిన ఏడే మామ పోయినాడు. కాదు కాదు, ఆ మరుసటేడు. ఆ కుండలు ముత్తైదువే రాయాల. అంతే, అత్త రాసే పుల్ల కింద పెట్టేసింది. నాలుగేండ్లు! ఆ పని నా నెత్తిన పడింది. నా గీతలా? మేక నడిచిపోయినట్టు ఉండేవి. అత్త తలుపు చాటున కూచోని "కిందికమ్మా, అయ్యో, అంత కిందికి కాదు" అనేది గానీ, చెయ్యి మాత్రం పెట్టేది కాదు. ఒకనాడు చూసినా, ఉత్త వేలితో నేల మీద తీగ రాసుకుంటాంది. నన్ను చూసి గబుక్కున చెరిపేసింది.

అప్పుడింకా తెల్లదొరల కాలమే. మీ తాత మద్రాసులో బొమ్మలు నేర్పే స్కూల్లో చదివొచ్చినాడు. వచ్చి పెరట్లో ఒక కొట్టం వేసి, దానికి స్టూడియో అని పేరు పెట్టినాడు. పక్కనే ఇటికెల బట్టీ. మట్టిపళ్లెం మీద రంగు వేసి, పైన గాజుపూత పూసి కాలుస్తాడంట. రెండుసార్లు కాల్చినాడు, రెండుసార్లూ పళ్లాలు నెర్రిచ్చినాయి. మా పెదమామ, అంటే మామకు అన్న, ఇంటికి పెద్ద, ఆయన ఒకటే మాట అన్నాడు. "ఇంకొక్కసారి చూస్తా. ఈ తూరి ఒక్కటి నెర్రిచ్చినా బట్టీ పడగొట్టి నిన్ను కుండలు చేసే సారె ముందర కూచోబెడతా." ఆయనంటే ఊరంతా హడలే. అత్తయితే ఆయన ఎదుట నిలబడిందే లేదు.

ఆ ఒక్కసారికే మీ తాత బొమ్మలేసేవాళ్లను పిలిచినాడు. మద్రాసు నుంచి తనతో చదివిన అరవాయన కంభంలో రైలు దిగినాడు. మార్కాపురం నుంచి దుకాణాలకు బోర్డులు రాసే ఖాసిం సాయిబు వచ్చినాడు. గిద్దలూరు నుంచి దేవుడి రథానికి రంగులేసే ఒక ముసలాయన. పొద్దున్నే నాటుకోడి కోసి, సంగటి కెలికి పెట్టినా. అరవాయన ఆ సంగటిముద్ద చుట్టూ చూస్తాడు, యాడ మొదలుపెట్టాల్నో తెలియదు పాపం! సాయిబే చూపించినాడు, గుంత చేసి పులుసు పోసుకో అన్నా అని.

ఇంక కూచున్నారు పళ్లాల ముందర. మీ తాత ఇచ్చిన రంగు చూస్తే ఏముంది, పొయ్యిలో బూడిద నీళ్లే. "కాలితే నీలం వస్తాది" అంటాడు. సాయిబు నమ్మితేనా! సంచిలో నుంచి తన డబ్బా తీసి ఎర్రటి చిలకను వేసినాడు. అది బట్టీలో మాడి మసైపోయిందిలే. తర్వాత ఆ మాట చెప్తే కడుపు పట్టుకోని నవ్వినాడంట.

మధ్యాన్నం అరవాయన అడిగినాడు, మీ పెళ్లికుండల తీగ ఒకటి రాసి చూపించండి అని. రాయమని నన్ను తోసినారు. రాసినా. నా తీగ సగానికి పోయి వంకర తిరిగింది. చూస్తాండగానే తలుపు చాటు నుంచి అత్త వచ్చి, నా చేతిలో పళ్లెం లాక్కోని, నా గీత తుడిచేసింది. కుంచె వద్దంది. ఈతపుల్ల నమిలి, మోకాలి మీద పళ్లెం తిప్పుకుంటా గీసింది చూడు... అమ్మమ్మమ్మా! ఎత్తకుండా ఒకటే గీత, చుట్టూ తిరిగొచ్చి బయల్దేరిన చోటే కలిసింది. ఆ రథమాయన చేతిలో కుంచె పక్కన పెట్టేసి, చేతులు జోడించినాడు. నాకైతే నాలుగేండ్లు ఆ చెయ్యి ఊరికే ఉండిందా అనిపించింది.

తలెత్తితే గడపలో పెదమామ.

"ఆ పళ్లెం బట్టీలో పెట్టొద్దు. పెట్టి, దానికే నెర్ర వచ్చిందంటే నోరెత్తొద్దు నాతో" అని పోయినాడు. అత్త ముఖం నల్లబడిపోయింది. "తీసెయ్ నాయనా, నా చెయ్యి మంచిది కాదు" అనింది కొడుకుతో. మీ తాత పళ్లాలన్నీ తెల్లటి గంజిలాంటి ఆ గాజుపూతలో ముంచినాడు, దాన్నీ ముంచినాడు. తీగ కనపడకుండా పోయింది. "తుడిపేసినావా?" అనింది అత్త. అంతే, లోపలికి పోయింది. వచ్చినోళ్లు సాయంత్రం బండెక్కి పోయినారు.

మూడోనాడు బట్టీ చల్లారింది. మీ తాతను దూరంగా నిలబెట్టి, పెదమామే బట్టీ మూతికి పేర్చిన ఇటికెలు తీసినాడు. ఒక్కో పళ్లెం తీసి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకోని, నా చేతికిస్తాండె. కుండ మంచిదైతే ఖంగుమంటాది గదా, నెర్ర ఉంటే మొద్దుగా పలుకుతాది. ఒకటీ ఖంగు, రెండోదీ ఖంగు, అన్నీ మంచివే. ఇంక కడాకు అత్తది తీసినాడు.

నీలం పాపా! నేను అట్లాంటి నీలం పుట్టినాంక చూడలేదు. వాన కురిసి వెలిసినాంక నల్లమల పైన ఆకాశం ఉంటాది చూడు, అది. ఆ బూడిద నీళ్లేనా ఇది అని నోరు తెరుచుకోని నిలబడినా. పెదమామ కూడా కదల్లేదు. శానాసేపు చూసినాడు. భుజం మీద తుండు తీసి తుడిచినాడు. వేలెత్తినాడు కొట్టేదానికి... ఆగినాడు. నాకు కనపడింది, అంచున నెర్ర. ఆయనకూ కనపడింది. బొటనవేలు తీసకపోయి సరిగ్గా దాని మీద పెట్టినాడు.

నా చేతికియ్యలేదు. తానే గడప దాకా నడిచిపోయి, తలుపు చాటున ఉన్న అత్తకు అందించినాడు. "అన్నీ బాగొచ్చినాయమ్మా. నీదీ బాగొచ్చింది" అన్నాడు, ఇంటిల్లిపాదీ వినేటట్టు.

అత్త కుమ్మరి బిడ్డ గదా, కొట్టకుండా ఇచ్చినాడంటే తెలియదా? ఆయన వేలు తీసిన చోటే తన వేలు పెట్టి పట్టుకొనింది. ఏడ్చింది. బట్టీ నిలబడింది. ఆ మాఘమాసం పెళ్లికుండలు పెదమామే మోసుకొచ్చి, నా ముందర కాదు, అత్త ముందర దించిపోయినాడు.

మీ తాతకా? చెప్పలేదు నేను. అత్త దాన్ని ఎవరి చేతికీ ఇయ్యలేదు. పోయేదాకా అన్నీ మంచివే వచ్చినాయనుకున్నాడు.

ఏదీ, నీ బొటనవేలు పెట్టు ఆడ. మూసుకపోయిందా? ఆ... ఇంక మెల్లగా గూట్లో పెట్టు. నీ చెయ్యి సల్లగుండ తల్లీ, నీ చెయ్యి సల్లగుండ...