ఫ్యాను మీద ఫిర్యాదు

పడకగదిలో ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కాడు. కొత్త ఫ్యాను బిగించిన ఎనిమిది రోజుల్లో అతన్ని పిలిపించడం ఇది మూడోసారి. ఇల్లాలు నిచ్చెన పట్టుకుని కింద నిలబడింది. ఆమె భర్త, పెద్దాయన, స్నానానికి వెళ్లాడు.

“నట్లు బిగుతుగానే ఉన్నాయమ్మగారూ. హుక్కు దగ్గర రబ్బరు కూడా మొన్న వేసిందే. రెక్కలు మూడూ సమానంగా ఉన్నాయి. ఇంక నేను చూడాల్సింది దీని జాతకమే.”

“మెల్లగా నాయనా, వింటారు. ఏదో ఒకటి తిప్పు.”

“ఏం తిప్పను?”

“ఏదైనా సరే. తిప్పి, ఆయన రాగానే ‘దొరికింది, బాగుచేసేశాను’ అను.”

“దొరక్కుండానే దొరికిందని ఎలా అంటానమ్మా?”

“ఎప్పుడూ అననట్టు! ఇవాళ చప్పుడు సంగతి తేలకపోతే సాయంత్రం తన మంచం ముందు గదిలోకి మార్చేస్తానంటున్నారు. నా పురుళ్లకి తప్ప ఇన్నేళ్లలో ఒక్క రాత్రి విడిగా పడుకోలేదు నాయనా.”

“ముందు గది ఎంత దూరమమ్మా, పది అడుగులు!”

“నీ వయసుకి పది అడుగులు. ఇదిగో, వస్తున్నారు. తిప్పు, తిప్పు.”

“ఏమయ్యా, ఈసారైనా రోగం కనిపెట్టావా?”

“పగలు చప్పుడే రావట్లేదు సార్.”

“అదే దాని టక్కు! పగలంతా పిల్లిలా ఉంటుంది. రాత్రయితే రంపంతో దూలం కోసినట్టే. ఉలిక్కిపడి లేచి లైటు వేస్తానా, దొంగలా ఆగిపోతుంది!”

“రాత్రిళ్లు వోల్టేజీ ఎక్కువుంటుంది సార్. దానివల్ల...”

“మొన్న తక్కువుంటుందన్నావు.”

“తక్కువున్నా వస్తుంది సార్.”

“ముప్పై ఏళ్లు తనిఖీ అధికారిగా చేసినవాణ్ని. సాక్ష్యం లేకుండా మాట్లాడను. నిన్న రాత్రి ఫోను దిండు పక్కన పెట్టి రికార్డు చేశాను. విను.”

“ఇప్పుడా ఫోనెందుకండీ? ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతారు.”

“నువ్వుండవే. ఆ, ఇదిగో.”

“అమ్మో! బేరింగు సార్. ఖాయంగా బేరింగే. కంపెనీవాడు నాసిరకం వేశాడు.”

“చూశావా! నేను చెబితే విన్నావా?”

“బేరింగే, బేరింగే. మార్చెయ్ నాయనా. ఇంక ఆపండి, చాలు.”

“ఉండండమ్మా. సార్, ఇక్కడ పక్కింట్లోంచి ఎవరో అరుస్తున్నారు, కరెంటు పోయిందని.”

“పోయింది, నిన్న రాత్రి పోయింది. అయితే?”

“కరెంటు పోతే ఫ్యాను ఆగాలి కదా సార్. చప్పుడు ఆగలేదు.”

“ఆగలేదా? ఫ్యాను కాకపోతే మరి... గదిలో ఉన్నది ఇద్దరమే. ఏమే! నువ్వా?”

“నేనే.”

“ఎనిమిది రోజులుగా ఏమీ ఎరగనట్టు...”

“నేనేనండీ, ఒప్పుకున్నాను కదా. మంచం మాత్రం కదపకండి.”

“సార్, ఇంకా ఉంది. ఇదిగో, ఇక్కడ ఆగింది. అమ్మగారి మాట వినపడుతోంది... ‘ఏమండీ? ఏమండీ?’ అంటున్నారు.”

“ఊఁ, తర్వాత?”

“మళ్లీ మొదలైంది సార్, రంపం. మొదలవగానే అమ్మగారు ‘అమ్మయ్య’ అన్నారు.”

“...అంటే అది నేనా?”

“నిచ్చెన దిగు నాయనా, పడతావు.”

“మాట మార్చకే. ఎన్నాళ్ల నుంచి?”

“మన పెళ్లైనప్పటి నుంచి. మీరు అడిగినప్పుడల్లా ఫ్యాను మీదికి నెట్టేశాను. మీరేమో మూడు ఫ్యాన్లు మార్చారు.”

“నాకు చెబితే నీ సొమ్మేం పోయింది? ఆ రంపం పక్కన ఇన్నేళ్లు ఎలా పడుకున్నావే?”

“అది వినపడుతున్నంతసేపూ నాకు హాయిగా నిద్ర పడుతుంది. ఆగితేనే మెలకువ వస్తుంది. లేచి మీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, మళ్లీ పడుకుంటాను. ముందు గదిలోకి నా చెయ్యి అందదండీ.”