పగ పాఠం

చివరి గంట కొట్టేశారు. స్టాఫ్ రూములో అందరూ వెళ్లిపోయాక, ఇంగ్లీషు చెప్పే అక్క ఎదురుగా, ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయిన తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“చెప్పొద్దనడం లేదక్కా. ఆ ఒక్క నాటకం పక్కన పెట్టమంటున్నాను, అంతే.”

“సిలబస్‌లో ఉంది కదా.”

“సిలబస్‌లో చాలా ఉంటాయి. అన్నీ చెబుతున్నామా?”

“మొదలుపెట్టేశాను కూడా. ఇవాళ వెనక బెంచీవాళ్లు సైతం ఫోన్లు లోపల పెట్టేశారు.”

“ఏం చెప్పావసలు?”

“ఏముంది, ముందు కాలం సంగతి చెప్పాను. నాలుగు వందల ఏళ్ల కిందట, రాణిగారు ఏలుతున్న ఇంగ్లండు. జనం మిట్టమధ్యాహ్నం నిలబడి నాటకాలు చూసేవాళ్లు. స్టేజీ మీద ఎంత రక్తం పారితే అంత సంబరం. తర్వాత కథ. ఒక ముసలాయన కొడుకును పెద్దింటివాళ్లు చంపేస్తారు. ఆయన న్యాయం అడగడానికి రాజుగారి దగ్గరికి వెళ్తాడు. వెళ్లినప్పుడల్లా ఎవడో ఒకడు గుమ్మంలోనే ఆపేస్తాడు. ఆఖరికి ఆయనే కత్తి పడతాడు.”

“ఈ కథ ఆ క్లాసులోనే చెప్పాలా? కరస్పాండెంటుగారి అబ్బాయి కూర్చునే క్లాసులో?”

“వాడూ స్టూడెంటే కదా.”

“ఈ కాలేజీ ఆయనదక్కా. మన ఉద్యోగాలు ఆయన చేతిలో ఉన్నాయి. నీ తమ్ముడిగా చెబుతున్నాను.”

“ఇందాక ప్రిన్సిపాల్‌గా కబురుపెట్టి ఆగమన్నావు. ఏదో ఒకటి తేల్చుకో.”

“నువ్వెందుకు చెబుతున్నావో అందరికీ తెలుసు. నీ కొడుకు పోయింది వాళ్ల కారు కిందే. నాకు మాత్రం బాధ లేదా? కానీ నడిపింది డ్రైవరు. వాడే ఒప్పుకున్నాడు, జైల్లో ఉన్నాడు. ఇంకా ఆ పిల్లాడి మీద కత్తి నూరితే ఏమొస్తుంది?”

“కత్తెక్కడిదిరా నా దగ్గర? సుద్దముక్క పట్టుకుని బతికేదాన్ని.”

“మరి వాడు ఏడుస్తూ ఇంటికెందుకు వెళ్లాడు? గది తలుపేసుకుని ఎవరితోనూ మాట్లాడట్లేదట. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి నన్ను నిలదీశారు. ఏమన్నావు వాణ్ణి?”

“వాణ్ణేమీ అనలేదు. ఈ కథలో అందరికన్నా చెడ్డవాడెవరని క్లాసునంతా అడిగాను. చంపినవాడని కొందరు, రాజని కొందరు. ముందు వరస పిల్ల ఒకతి, ఆ ముసలాయనేనంది.”

“వాడేమన్నాడు?”

“చంపినవాడి పక్కన ఇంకెవరూ లేరా మేడమ్ అని అడిగాడు. ఉంటే ఆయనేనన్నాడు.”

“పిల్లల మాటలు పట్టుకుని...”

“క్లాసు అయ్యాక వచ్చాడు. అందరూ వెళ్లేదాకా తలుపు దగ్గరే ఉండి, అప్పుడు లోపలికొచ్చాడు. కారు నడిపింది తనేనన్నాడు. డ్రైవరు అందులో లేనే లేడట.”

“భయపడి ఏదో వాగుంటాడు. నువ్వు నమ్మేశావా?”

“నువ్వు నమ్మలేదా?”

“నాకేం తెలుసు? నేనా రోజు... నేనసలు ఊళ్లో ఉంటే కదా.”

“ఎక్కడున్నావు?”

“ఎన్నిసార్లు చెప్పాలి? పరీక్షల పని మీద యూనివర్సిటీకి వెళ్లాను. నీకు తెలిసిందే.”

“తెలిసిందే. హాస్పిటలుకి నాకంటే ముందే వచ్చావు. నన్ను పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చావు. మేనమామంటే ఇలా ఉండాలన్నారు చూసినవాళ్లు. నీకెవరు ఫోన్ చేశారని నేను అడగలేదు. అడగాలని తట్టను కూడా తట్టలేదు.”

“ఎవరో చేశారు. గుర్తులేదు. ఇప్పుడెందుకవన్నీ?”

“ఆ తర్వాత కొద్ది రోజులకే నీకీ ప్రిన్సిపాల్ కుర్చీ వచ్చింది. నా తమ్ముడి కష్టానికి దక్కిందని అందరికీ చెప్పుకున్నాను.”

“కష్టపడ్డాను కాబట్టే వచ్చింది. ఏమంటున్నావక్కా నువ్వు?”

“నేనేమీ అనట్లేదు. వాడన్నది చెబుతున్నాను. గుద్దగానే బ్రేకు వేశాడట. దిగి హాస్పిటలుకి తీసుకెళ్దామన్నాడట. పక్క సీట్లో ఉన్నాయన, ఆపొద్దు, పోనీ అన్నాడట.”

“అక్కా...”

“ఆ గొంతు రోజూ మైకులో వినలేకపోతున్నానన్నాడు. పొద్దున్నే క్రమశిక్షణ గురించి చెబుతావు కదా, అది.”

“విను. ఒక్క నిమిషం విను. తలుపు వేసొస్తాను.”

“వేయక్కర్లేదు, కూర్చో. నాటకం రేపటినుంచి చెప్పను. నువ్వన్నట్టే పక్కన పెట్టేస్తాను. నాకొక్కటి చెప్పు చాలు. రోడ్డు మీద పడ్డది ఎవరో చూడకుండా పోనీ అన్నావా, మనవాడేనని చూశాక పోనీ అన్నావా?”