రెండు గంటల గడువు

ఎన్నిసార్లు కొట్టాలి వదినా బెల్లు? అన్నయ్యేమో “ఇంట్లోనే ఉంది, వెళ్ళు” అంటాడు. నువ్వేమో ఆరు వారాలుగా ఫోనెత్తవు. పోనీ తిట్టొచ్చుగా? నీ సస్పెన్షన్ నర్సు పనికే కదా, ఆడపడుచుని తిట్టడానిక్కూడానా?

సరే, కూర్చుంటాను. మంచినీళ్ళేం వద్దు. నువ్వు ఆ బట్టలు మడతపెట్టుకో, నేను చెప్పుకుంటూ పోతా.

నా పనేంటని ఎవరైనా అడిగితే “ఏవో పెట్టెలు బిగిస్తుంది” అనేదానివట. నిజమే, కంప్యూటర్ పెట్టెలే. మీ ఆస్పత్రిలో అంతస్తుకొకటి బిగించాం. ఇదివరకు నువ్వు ఒక పేషెంటు మందుల చార్టు తెరిస్తే, అది కింద ఉన్న ఒకే ఒక్క పెద్ద మెషీన్ నుంచే రావాలి. ఆ మెషీన్ పడుకుంటే ఆస్పత్రంతా పడుకునేది. ఇప్పుడలా కాదు. చార్టు ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేదు. “పద్నాలుగో మంచం మందుల చార్టు” అని పేరు చెప్తే చాలు, దగ్గర్లో ఏ పెట్టెలో కాపీ ఉంటే ఆ పెట్టే ఇచ్చేస్తుంది. డాక్టరు రాసిందేనా అంటే, దాని మీదే డాక్టరు ముద్ర ఉంటుంది. ఎవరి చేతిమీదుగా వస్తే ఏం, ముద్ర సరిపోతే అసలుదే.

బాగుంది కదా? నాకూ అలాగే అనిపించింది. ఆరేళ్ళు దీని వెనకే తిరిగాను.

కానీ ముద్ర, రాసిందెవరో చెప్తుంది వదినా. రాశాక మళ్ళీ మార్చారా లేదా, అది చెప్పదు. అందుకని ప్రతి కాపీకీ ఒక గడువు పెడతాం. గడువు తీరితే పెట్టె దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోవాలి. మందుల చార్టుకి గడువు ఒక్క నిమిషం.

విసుక్కోకు. అక్కడికే వస్తున్నా.

ఆ మంగళవారం. పద్నాలుగో మంచం, ఆ ముసలి లిఫ్టు మెకానిక్. “అమ్మా, మీ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర దగ్గుతోంది, ముందు దానికెయ్యండి మందు” అనేవాడట నీతో. నువ్వు చెప్తే ముగ్గురం ఎంత నవ్వాం! రక్తం పల్చబడే మందు ఆయనకి. పదిన్నరకి ఎవరో చార్టు తెరిచారు, కాపీ మీ అంతస్తు పెట్టెలో ఉండిపోయింది. పదకొండింటికి డాక్టరు మోతాదు సగానికి తగ్గించాడు. పన్నెండింటికి నువ్వు తెరిచావు. పాతదే వచ్చింది. తెర మీద ఉన్న మోతాదంతా ఇచ్చావు.

సాయంత్రానికి కడుపులో రక్తం. గురువారం పొద్దున పోయాడు.

“పూర్తి మోతాదే ఉంది సార్, నా కళ్ళతో చూశాను” అన్నావు విచారణలో. వాళ్ళు తెరిచి చూస్తే సగమే ఉంది. ఉండదా మరి? పాత కాపీ ఎప్పుడో పోయింది. ఇరవై రెండేళ్ళు ఒక్క మాట పడని మనిషివి, ఒక్క పూటలో అబద్ధాలకోరువైపోయావు. అన్నయ్య కూడా “అలిసిపోయి సరిగ్గా చూసుకోలేదేమో” అన్నాడు కదూ? నాతోనూ అన్నాడు. నేను తలూపాను.

తర్వాత నన్ను పిలిచారు. లోపల నలుగురు. “పాత పేజీ వచ్చే అవకాశం ఉందా?” అనడిగారు.

“ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్” అన్నాను. రాసుకున్నారు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, చూడు!

గడువు రెండు గంటలుంది వదినా. నేనే మార్చాను. అంతకుముందు వారం పైవాళ్ళు చూడ్డానికొచ్చారు. కింది మెషీన్ ఆపేసినా ఆస్పత్రి ఆగదని చూపించాలి. నిమిషం గడువైతే, కొత్త కాపీలు దొరక్క చార్టులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. అందుకని రెండు గంటలు చేశా. చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళగానే తిరిగి మార్చాలి. మర్చిపోయాను. అంతే. ఇంకేం లేదు.

ఇవాళ పొద్దున పెట్టెల రికార్డంతా తీసుకెళ్ళి విచారణ కమిటీకిచ్చాను. పన్నెండింటికి నీకు ఏ కాపీ వెళ్ళిందో, అది ఎప్పటిదో, అన్నీ ఉన్నాయి. “చూస్తాం” అన్నారు. నీ ఉద్యోగం నీకొస్తుంది. నాది పోతుంది. పోనీ.

చెప్పేటప్పుడు ఏడుపొస్తుందనుకున్నాను. రావట్లేదు. మొద్దుబారిన చేతిని గిచ్చుకుంటున్నట్టుంది.

ఏంటి? నాకెప్పుడు తెలిసిందనా?

గురువారం. ఆయన్ని ఇంకా వార్డులోంచి తీసుకెళ్ళలేదు. పెట్టె తెరిచి చూశాను. గడువు మళ్ళీ నిమిషానికి మార్చేశాను. ఇంటికెళ్ళి భోంచేశాను.

విచారణ సోమవారం కదా. నువ్వు బయట బెంచీ మీద కూర్చునున్నావు. నీ ముందునుంచే లోపలికెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, “భయపడకే, ఉన్నదున్నట్టు చెప్పు” అన్నావు.