అంగిట్లో ఎర్ర చుక్కలు

తొంభై ఆరు వేసవి. భిలాయి ఉక్కు ప్లాంటు క్వార్టరు వరండాలో, డెంటల్ చదివే మనవరాలు చిన్న అద్దం పట్టుకుని మామ్మ నోరు చూస్తోంది.

“ఇవి కొరికే పళ్లు, ఇది కోరపన్ను, వెనక నమిలేవి. పైన అంగుడు... మామ్మా, చుట్ట మానేశానన్నావు కదా?”

“మానేసినానే. మీ తాత పోయిన కాడ్నించి ముట్టనేదు.”

“ఝూట్! అంగుడు గులాబీ రంగులో ఉండాలి. నీది తెల్లబడి, మధ్యలో ఎర్ర చుక్కలున్నాయి. చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టి కాల్చేవాళ్లకే ఇలా అవుతుంది.”

“ఇలాటి నోరు నీ పుస్తకంలో ఉందేటి?”

“బొమ్మతో సహా ఉంది. కింద మన శ్రీకాకుళం పేరే రాశారు.”

మామ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

“మానితే తగ్గుతాదా?”

“తగ్గుతుంది. సోమవారం మా సార్‌కి చూపిద్దాం.”

“వత్తాను. ఆ బొమ్మ పక్కన, మానేసిన నోటి బొమ్మ కూడా ఎయ్యమను.”