చేయి చాపితే గోడ

మధ్యాహ్నం. రెండు పెద్ద భవనాల మధ్య సందులో ఇరికించి కట్టిన సన్నటి మేడ ఇల్లు. కింది గదిలో దర్జీ పని చేసే తమ్ముడు, అప్పుడే లోపలికి వచ్చిన అక్క.

“అది కాదురా, గోడ ఏమైందని అడుగుతున్నా.”

“చెప్తున్నా కదక్కా, కొట్టించేశా. ముందు కూర్చో. ఆ స్టూలు తుడిచాను, దుమ్ము లేదు.”

“కూర్చోడానికి రాలేదు. ఎప్పుడు కొట్టించావు?”

“నిన్న మొదలెట్టారు, ఇవాళ పొద్దుటికి అయిపోయింది. ఎట్లా ఉంది? గుమ్మంలో నిలబడితే మెట్లన్నీ కనిపిస్తున్నాయి చూడు. ఇన్నాళ్ళూ గుమ్మం దాటితే సొరంగంలో దూరినట్టే. అటు పక్కింటి గోడ, ఇటు నా షాపు గోడ, మధ్యలో మనం ఒకళ్ళ వెనక ఒకళ్ళం. గొడుగు కూడా వీధిలోనే ముడుచుకుని రావాలి.”

“కొట్టించమని ఎవరన్నారు నిన్ను?”

“ఎవరనాలి? నాకు బుద్ధి లేదా?”

“నాతో ఒక్క మాట అనొచ్చుగా. ఫోనుందిగా.”

“ఆస్పత్రి నుంచి నాన్నని మీ ఇంటికి తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ, చేస్తే ఎత్తావా? ఎత్తినా ‘నాన్న పడుకున్నాడు’ అంటావు. పగలంతా పడుకునే ఉంటాడా ఆయన? ‘వాడితో మాట్లాడను’ అంటున్నాడని చెప్పేస్తే పోయేదిగా.”

“అదేం కాదురా.”

“అదే. నాకు తెలుసులే. ఆయన జాగాలో నేనున్నా మాట్లాడను. ఆ రోజు నువ్వు లేవు కదా, నీకేం తెలుసు. పైన ఛాతీ పట్టుకుని పడి ఉన్నాడు. స్ట్రెచర్ మెట్లలో పట్టలేదు. నిలువుగా పెట్టారు, పక్కకి వంచారు, ఊహూఁ. చివరికి బీరువాలు పైకి లాగే తాడు తెచ్చి, పరుపుతో సహా కట్టి, పై కిటికీలోంచి దించామక్కా. నాన్నని. వీధి వీధంతా కింద నిలబడి చూసింది. ఎవడో వీడియో కూడా తీశాడు.”

“తెలుసు. ప్రాణం దక్కింది, అది చాలు.”

“ప్రాణం దక్కింది. పరువు? జన్మంతా లారీ తోలి, రోడ్డంతా నాదే అన్నట్టు బతికిన మనిషి. పైనుంచి తాడు వదులుతున్నది నేనే. కిందికి పోతూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ మొహం నన్ను అన్నం తిననివ్వట్లేదు.”

“ఒరేయ్, ఆ ఇటుకలున్నాయా?”

“ఏ ఇటుకలు?”

“గోడవి.”

“బండివాడు ఎత్తుకెళ్ళాడు. ఎందుకు?”

“ఏం లేదు. నీ కటింగ్ బల్ల ఏది?”

“పక్క వీధిలో మావాడి కొట్లో పెట్టించా. మిషను కూడా అక్కడే. ఇంక వాడి దగ్గరే ఓ మూల కూర్చుని కుట్టుకుంటా.”

“షాపు తీసేశావా?”

“షాపు కోసమేగా ఆ గోడ కట్టింది. కొలతలకి ఆడవాళ్ళొస్తారు, చాటు ఉండాలి అన్నాను. మెట్లకి ఎంత మిగిలితే అంత అన్నాను. ఊరందరి కొలతలూ తీసేవాణ్ణి, కన్నతండ్రిని నలుగురు మోసుకుపోయే దారి ఉందో లేదో చూసుకోలేదు. నా కక్కుర్తి అది. పోనీ ఆయనేమైనా అన్నాడా అంటే, అదీ లేదు. ‘బాగుందిరా, ఇంకాస్త ఇరుగ్గా ఉన్నా బాగుండేది’ అన్నాడు. నన్ను దెప్పుతున్నాడనే నాకు అర్థం కాలేదు.”

“దెప్పడం కాదురా అది.”

“మరేంటి?”

“బల్ల తెప్పించు. ఇప్పుడే. మిషను, మంచం, ఏదుంటే అది. గోడ ఉన్నచోట వరసగా పెట్టేద్దాం.”

“నీకేమైందక్కా? చచ్చీ చెడీ ఖాళీ చేశాను.”

“తాడైనా కట్టు పోనీ. గుమ్మం నుంచి మెట్ల దాకా.”

“తాడు మాట నా దగ్గర ఎత్తకు. అయినా నువ్వెందుకు అస్తమానం గుమ్మం వైపు చూస్తున్నావు?”

“నాన్నని తీసుకొచ్చాను.”

“ఏంటీ? ఎక్కడ?”

“వీధి మొదట్లో సెలూన్లో కూర్చున్నాడు. గడ్డం గీయించుకుని వస్తానన్నాడు. నన్ను ముందు పొమ్మన్నాడు. ‘నన్ను దించడం అందరూ చూశారు. నా కాళ్ళ మీద నేను లోపలికి పోవడం కూడా చూడనీ. నువ్వు పక్కన ఉండకు’ అన్నాడు.”

“నా ఇంటికొస్తానన్నాడా? నా మీద కోపం లేదా?”

“కోపమా? ఈ పది రోజులూ నీ ఇల్లే కలవరింత. నా దగ్గర ఉండలేకపోయాడు.”

“మరి చెప్పవేం ఇంతసేపూ? ఉండు, ఎదురెళ్ళి తీసుకొస్తా. ఇంత వెడల్పు చూసి ఏమంటాడో.”

“ఆగు.”

“ఏంటి?”

“ఆగరా. నీకు చెప్పనని ఆయనకి ఒట్టేశాను. ఇప్పుడేం చేయను? నాన్నకి చూపు లేదురా.”

“చూపు లేకపోవడమేంటి?”

“లేదు. వెలుగుందో చీకటుందో తెలుస్తుంది, అంతే. ఇవాళ నిన్నటిది కాదు. నాకూ మా ఇంట్లోనే తెలిసింది. వచ్చిన రోజు హాల్లో నడి మధ్య నిలబడిపోయాడు. రా నాన్నా అంటే కదలడు. చేతులు చాపి గాల్లో వెతుకుతున్నాడు. నేను, పాపిష్టిదాన్ని, ఏంటా నాటకాలు అన్నాను. బల్ల తన్నుకుని పడ్డాడు. అప్పుడు చెప్పాడు. ‘మీ ఇంట్లో గోడలు అందవే అమ్మాయీ’ అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్ద హాలని నలుగురికీ చూపించుకుని మురిసిపోయేదాన్ని.”

“అబద్ధం. నాకన్నా జోరుగా మెట్లు ఎక్కేవాడు. సెలూన్ దాకా ఒక్కడే వెళ్ళొచ్చేవాడు.”

“వీధిలో గోడ పట్టుకుని, ఇంట్లో గోడ పట్టుకుని. ఇక్కడ అటు చేయి చాపితే గోడ, ఇటు చాపితే గోడ. ఈ ఇంట్లో ఆయనకి కళ్ళతో పనేముందిరా?”

“మరకలు.”

“ఏంటి?”

“సున్నం వేయించిన నాలుగో రోజుకే గోడల నిండా చేతి మరకలు. తిట్టేవాణ్ణి. ‘గోడలు పాముకుంటూ నడవకపోతే నడవలేవా’ అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. పేపరు మానేశాడు. అన్నీ అబద్ధాలే రాస్తున్నారంటే నిజమే అన్నాను. ఒకే ఇంట్లో ఉండి, రోజూ ఎదురెదురు కూర్చుని తిని, నాకు తెలియలేదక్కా. నాకెందుకు చెప్పలేదు?”

“‘చెప్తే వాడు షాపు మూసేసి నా వెనక తిరుగుతాడు’ అన్నాడు.”

“మూసేశాగా.”

“ఊరుకో. ఏడవడానికి టైము లేదు. పరిగెత్తు, దార్లోనే చేయి పట్టుకో. పట్టుకున్నందుకు తిడితే తిట్టనీ.”

“ఏం చెప్పను? నీ గోడ కొట్టించానని చెప్పనా?”

“పెయింటు పచ్చిగా ఉందను. పైకి నేను తీసుకెళ్తానను. ఏదో ఒకటి చెప్పరా, నాకు మాత్రం ఏం తెలుసు?”

“అక్కా.”

“వెళ్ళు.”

“వచ్చేశాడక్కా. గుమ్మం దాటాడు.”

“పిలువు మరి. గుసగుసలేంటి, గట్టిగా మాట్లాడరా.”

“ఏమని పిలవను? చూడు, చేయి చాపుతున్నాడు.”

“ఇంకో అడుగు వేస్తున్నాడురా. పిలువు.”

“నువ్వు పిలువక్కా.”

“లోపలెవరో గానీ ఏమీ అనుకోకండి, ఇల్లు పొరబడ్డాను. మా ఇల్లు ఈ పక్కనే ఎక్కడో ఉండాలి, కాస్త నన్ను వీధిలోకి దాటించండి బాబూ.”