ఇనుము రాసిచ్చిన డాక్టరు

బర్మాలో కండల పోటీలకు ఆద్యుడైన డాక్టరు దగ్గరికి, రంగూన్ బజారులో చేపల పులుసు అమ్మే ఒక తల్లి గొడవకు వచ్చింది. పక్క గదిలో ఆమె కూతురు న్వే ఇనుప గుండు ఎత్తుతోంది.

“సయా,” అంది, అక్కడ గురువునీ డాక్టరునీ పిలిచే మాటతో. “జ్వరంలో చచ్చుబడ్డ చేతికి సూదిమందు వేస్తారని పిల్లని తీసుకొస్తే, మూడు నెలలుగా ఇనుము మోయిస్తున్నారు.”

“ఆ చేతికి మందు లేదమ్మా.”

“మీకు కండల పిచ్చి, ఒళ్లు చూపించి ఫోటోలు దిగారు. మా న్వే ఆడపిల్ల. బజారంతా పహిల్వాన్ అని వెక్కిరిస్తున్నారు.”

“చదువుకునే రోజుల్లో మలేరియాతో నేనూ పుల్లలా అయిపోయాను. మందు బతికించింది గానీ, లేపి నిలబెట్టింది ఈ ఇనుమే.”

“మీ కథ నాకెందుకు? నా పిల్లకి ఏం ఒరిగింది?”

“ఈ పొద్దున దాని కొప్పు ఎవరు ముడిచారు?”

“నేను తెల్లారకముందే బజారుకెళ్లాను. మా అత్త ముడిచుంటుంది.”

“ఆవిడ నిన్ననే మౌల్మీన్ వెళ్లిందని పిల్ల చెప్పిందే.”

తల్లి పక్క గది వైపు తల తిప్పింది.

“అయితే రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తిందా?”

“ఎత్తకుండా కొప్పు ముడి ఎలా పడుతుంది?”

“ఆ ముక్క నేను రాగానే చెప్పకూడదా, సయా? ఇందాకటి నుంచీ గొంతు చించుకుంటున్నాను” అంటూ ఆమె పక్క గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.